ఏరుకొచ్చిన ముక్కలతో కొలాజ్: చదువుగా తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. పాత పత్రికలు, టికెట్లు, సీసా మూతలు, పాడైన రేడియో భాగాలు ఏరుకొచ్చి అట్టల మీద అంటించి బొమ్మలు చేస్తుంది. ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటోంది. అడ్మిషన్‌కు పోర్ట్‌ఫోలియో (తను చేసిన పనుల్లో మంచివాటి కూర్పు) కావాలట. తీరా చూస్తే నిరుడు చేసినవాటిలో సగం వంకర్లు తిరిగాయి, కొన్ని ముక్కలు ఊడిపోయాయి. దీన్నే నమ్ముకోమనాలా, వేరే దారి చూడమనాలా?

జవాబు: మీరు మధ్యలో అన్న మాటే ఇక్కడ అసలు సంగతి: వంకర్లు తిరగడం, ఊడిపోవడం. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లు ఊహను ఎంత చూస్తారో పనితనాన్నీ అంతే చూస్తారు. ‘ఇది ఎలా నిలబడింది, ఈ జిగురే ఎందుకు వాడావు’ అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగే స్థాయికి అమ్మాయి రావాలి. అందుకే ముందు పని గురించి, తర్వాత ఉద్యోగాల గురించి చెబుతాను.

అట్ట ఎందుకు వంగుతుంది? తడి జిగురు తగలగానే కాగితం నీరు తాగి సాగుతుంది. కాగితంలో నారలు చాలావరకు ఒకే దిశలో పడుకుని ఉంటాయి, సాగడం ఆ నారలకు అడ్డంగా ఎక్కువ. ఆరేటప్పుడు అదే కాగితం ముడుచుకుంటూ అట్టను తనతో లాక్కుంటుంది. దాంతో బొమ్మ ఉన్న వైపుకి అట్ట పళ్లెంలా లోపలికి వంగుతుంది. విరుగుడు ఒక్కటే: వెనకవైపు కూడా అంతే మందం ఉన్న కాగితాన్ని, అదే జిగురుతో, నారలు అదే దిశలో ఉండేలా అంటించాలి. అప్పుడు రెండు లాగుడులూ సమానమవుతాయి. నారల దిశ తెలియాలంటే కాగితం మూల కొద్దిగా చించి చూడాలి. నారల వెంట అయితే చిరుగు తిన్నగా సాగుతుంది, అడ్డంగా అయితే వంకరటింకరగా పోతుంది. ఏ3 సైజు పనికి అట్ట కనీసం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. నోట్‌బుక్ అట్ట మీద ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు.

జిగురు విషయంలో పిల్లలు చేసే పొరపాటు ఎక్కువ రాయడం. తెల్లటి పీవీఏ జిగురు మూడు వంతులకు నీళ్లు ఒక వంతు కలిపి, వెడల్పాటి బ్రష్‌తో మధ్యలోంచి అంచులకు పల్చగా రాయాలి. పల్చటి కాగితమైతే రాశాక ఒక నిమిషం ఆగి, అది సాగడం అయ్యాక పెట్టాలి. లేకపోతే అట్ట మీదే సాగి ముడతలు పడుతుంది. పైన బటర్ పేపర్ పరచి, దాని మీద చదునైన పలక, పలక మీద బరువు పెట్టి ఒక రోజంతా కదపకూడదు. ఎండలో ఆరబెట్టడం, ఫ్యాన్ కింద పెట్టడం వద్దు. తొందరగా ఆరిన అంచులే ముందు లేస్తాయి.

కొన్ని కాగితాలు జిగురు సరిగ్గా ఉన్నా మోసం చేస్తాయి. న్యూస్‌ప్రింట్‌లో (వార్తాపత్రికల కాగితంలో) లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది కాబట్టి వెలుతురుకు పసుపెక్కి పెళుసవుతుంది. దుకాణం రశీదులు చాలావరకు థర్మల్ కాగితం, అంటే వేడితో అక్షరాలు పడే కాగితం. వేడి తగిలితే నల్లబడతాయి, రోజులు గడిస్తే అక్షరాలు మాయమవుతాయి. ఇలాంటివాటిని స్కాన్ చేసి, ఆమ్లం లేని కాగితం మీద లేజర్ ప్రింట్ తీసుకుని వాడమనండి. ఇంక్‌జెట్ ప్రింట్లలో చాలావరకు తడి జిగురు తగలగానే రంగు కారతాయి. సెల్లోటేప్, రబ్బర్ సిమెంట్ (రబ్బరుతో చేసిన జిగురు) జోలికి మాత్రం పోవద్దు. కొన్నేళ్లకు గోధుమరంగు మరక మిగులుతుంది, ముక్క ఊడిపోతుంది.

ఊడిన మూతలు, రేడియో భాగాల సంగతి వేరు. నున్నటి లోహాన్ని తెల్ల జిగురు పట్టుకోదు. హాట్ గ్లూ అప్పటికి పట్టినట్టుంటుంది, వేడికి మెత్తబడి జారిపోతుంది. లోహానికి నా ఓటు తీగకే. మూతకు రెండు రంధ్రాలు, అట్టకు రెండు రంధ్రాలు పెట్టి, సన్నటి రాగి తీగ దూర్చి వెనక మెలిపెడితే బరువంతా తీగ మోస్తుంది. తీగ కుదరని చోట గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడాలి. థర్మాకోల్ మీద సాల్వెంట్ జిగురు వేస్తే అది కరిగి గుంట పడుతుంది, ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి. సర్క్యూట్ బోర్డులను కొయ్యడం, అరగదీయడం మాన్పించండి. ఆ దుమ్ములో గాజు నార ఉంటుంది, పాత టంకంలో సీసం ఉంటుంది. బ్యాటరీలు, పగిలిన ట్యూబ్‌లైట్లు అసలు ఇంట్లోకి తేనివ్వకండి.

ఇక భవిష్యత్తు. కొలాజ్‌లు అమ్ముకుని మాత్రమే బతికేవాళ్లు తక్కువ, ఆ మాట దాచను. అయితే ఈ కళలో పేరున్నవాళ్లు ఎలా బతికారో చూడండి. కుర్ట్ ష్విట్టర్స్ జర్మనీలోని హానోవర్‌లో ట్రామ్ టికెట్లు, రేపర్లు ఏరి ‘మెర్జ్’ పేరుతో బొమ్మలు చేశాడు. ఆ పేరు కూడా చింపిన కాగితం మీది ‘కొమెర్జ్’ అన్న మాటలోంచి తీసిన తునకే. అదే మనిషి 1920లలో ప్రకటనల డిజైన్ చేసి సంపాదించాడు. పత్రికల ఫొటోలు కత్తిరించి కొలాజ్‌లు చేసిన హన్నా హోహ్, 1916 నుంచి పదేళ్లు బెర్లిన్‌లోని ఒక ప్రచురణ సంస్థలో కుట్టుపని, అల్లికల డిజైన్లు గీసింది. సీసా మూతలను రాగి తీగతో కలిపి గోడంత తెరలు చేసే ఎల్ అనట్సుయి, ఎన్సుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో 1975 నుంచి దశాబ్దాల పాటు శిల్పకళ బోధించాడు. అంటే చేతి పని ఒకటే, జీతం తెచ్చే దారి పక్కన మరొకటి.

మీ అమ్మాయికీ అలాంటి పక్క దారి ఒకటి చూసి పెట్టండి. పుస్తకాలకు, పత్రికలకు ఇలస్ట్రేషన్, కటౌట్ యానిమేషన్, నాటకాలకూ సినిమాలకూ సెట్, ప్రాపర్టీల తయారీ, షోరూమ్ డిస్‌ప్లే, టెక్స్‌టైల్ డిజైన్, కళాబోధన ఇవన్నీ ఈ చేతికి పట్టుబడేవే. పాత కాగితం ఎందుకు పాడవుతుందన్న కుతూహలం ఆమెలో నిజంగా ఉంటే మ్యూజియం కన్జర్వేషన్ (పాత వస్తువులు పాడవకుండా కాపాడే పని) కూడా ఉంది. దానికి రసాయనశాస్త్రం కావాలి, కాబట్టి ఇప్పుడే ఆ సబ్జెక్టు వదిలేయనివ్వకండి. ఇలస్ట్రేషన్ వైపు వెళ్తే ఒక హెచ్చరిక: పత్రికలోని ఫొటో మీద హక్కు వేరేవాళ్లది. డబ్బు తీసుకుని చేసే పనిలో సొంత ఫొటోలు గానీ, కాపీరైట్ గడువు తీరిన బొమ్మలు గానీ వాడాలి.

పోర్ట్‌ఫోలియోలో ఎన్ని పనులు ఉండాలో కాలేజీ చెబుతుంది. లెక్క పెంచడానికి బలహీనమైనవి కలపొద్దు. డ్రాయింగ్ తప్పనిసరిగా ఉండాలి, కొలాజ్ ఒక్కటే చూపిస్తే గీయడం రాదేమో అనుకుంటారు. ఫొటో తీసేటప్పుడు పనిని గోడకు ఆనించి, రెండు వైపుల నుంచీ 45 డిగ్రీల కోణంలో ఒకే రకం దీపాలు పెట్టి, కెమెరాను అట్టకు సమాంతరంగా పట్టుకోవాలి. ఫ్లాష్ వేస్తే జిగురు మెరుపే ఫొటోలో పడుతుంది. తీగలు, మూతలు ఉన్న పనులకు మాత్రం ఒక దీపం ఆర్పేసి ఇంకో ఫొటో తీయండి, నీడ పడితేనే ఎత్తు తెలుస్తుంది.

వంకర్లు తిరిగిన పాత అట్టలను పారేయనివ్వకండి. వాటిలో ఒకదాన్నే ఎంచుకుని, అదే బొమ్మను పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ చేయించండి. పాతదీ కొత్తదీ ఎదురెదురు పేజీల్లో పెట్టి, కింద ఏ అట్ట, ఏ జిగురు, ఎన్ని గంటలు బరువు కింద ఉంచింది, మొదటిసారి ఎక్కడ తప్పింది అన్నది ఆమె చేతిరాతతోనే రాయించండి.