బడి మాన్పించి ఇంట్లో చదివిస్తే పిల్లలు నలుగురిలో కలవలేరా?

ప్రశ్న అడిగినావిడ పాపకు ఏడేళ్లట. బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామని మొగుడూ పెళ్లాం ఇద్దరూ అనుకున్నారట. "పిల్ల నలుగురిలో కలవదు, ముద్దపప్పులా తయారవుతుంది" అని అటు అత్తగారు, ఇటు పక్క ఫ్లాట్‌వాళ్లు భయపెడుతున్నారట. నిజమేనా అని అడిగారు.

మా అమ్మాయి రెండో తరగతి తర్వాత పదో తరగతి దాకా ఏ బడి గడపా తొక్కలేదు. కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. పిల్ల కలుస్తుంది. నలుగురిలోకి వెళ్లలేక ముఖం చాటేసేది మీరు. పెళ్లిలో, బస్టాండులో, పళ్ల డాక్టరు దగ్గర "పాప ఎన్నో తరగతి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ముక్క వినపడగానే మీకు గొంతులో ముద్ద అడ్డం పడుతుంది. దానికి సిద్ధంగా ఉంటేనే మాన్పించండి.

మాది హనుమకొండ. నేను ఇంట్లోనే కూర్చుని చిన్న వ్యాపారుల ట్యాక్స్ లెక్కలు చూస్తాను. మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం. 2017 వేసవిలో మాన్పించాం. పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. సోమవారం పొద్దున ఏడుంబావుకు బస్సు హారన్ వినపడగానే పిల్ల వాంతి చేసుకునేది. శనివారం రాత్రి తిన్న బిర్యానీ అరిగేది, సోమవారం ఇడ్లీ అరిగేది కాదు. రెండో తరగతి పిల్లకు వారానికో పరీక్ష, డైరీలో ఎర్ర ఇంకుతో 'స్లో' అని ఒకటే మాట. బడి పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, మా వీధిలో నాలుగున్నాయి, నాలుగూ అంతే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని గేటు మీద ఫ్లెక్సీ. ఫౌండేషన్ అంటే పునాది కదా, ఆ పునాదిలో పూడ్చేది ఎవర్నో మాత్రం ఫ్లెక్సీలో రాయరు.

మాన్పించాక నేను చేసిన ఘనకార్యం వినండి. తెల్లబోర్డు కొన్నాను. టైంటేబుల్ గీశాను. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి ఇంగ్లీషు. పూజగదిలో గంట తెచ్చి పీరియడ్ పీరియడ్‌కీ కొట్టాను కూడా, ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. సరిగ్గా అదే ఏడు జూలై 1న జీఎస్టీ వచ్చిపడింది. క్లయింట్లు ఫోన్ల మీద ఫోన్లు, పోర్టల్ తెరుచుకోదు, ఆ చిరాకంతా పిల్ల మీద. మూడో వారంలో ఒకరోజు పొద్దున తొమ్మిదికి గంట కొట్టగానే పిల్ల బాత్రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. బస్సు లేదు, టీచర్ లేదు, ఎదురుగా ఉన్నది నేను. ఆ గంట మళ్లీ పూజగదికి పోయింది.

తర్వాత కొన్నాళ్లు ఏమీ చెప్పలేదు. నిజంగానే ఏమీ చెప్పలేదు. మా అమ్మ వెనకాల తిరిగేది, కిరాణా కొట్టుకు పోయేది, తెలుగు కథల పుస్తకాలు చదివేది. ఇక్కడ నాదొక మొండి అభిప్రాయం ఉంది, తిట్టుకోకండి. ముందు తెలుగు ధారాళంగా చదవడం వస్తే ఇంగ్లీషు ఆరు నెలల పని. ఏబీసీడీలతో మొదలుపెట్టిన పిల్లలకు రెండూ సగం సగమే వస్తాయి. రుజువేంటి అంటే మా పిల్లే రుజువు.

మరుసటి ఏడు జూన్‌లో జరిగింది ఇది. మా దగ్గర ఏటా జూన్‌లో బడిబాట అని ఉంటుంది, ప్రభుత్వ బడి టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పించమని అడుగుతారు. ఆ రోజు మా వరండాలో మామిడికాయ తొక్కు పెడుతున్నారు. మా అమ్మకు కిలోలూ గ్రాములూ నచ్చవు. ఆమె పెళ్లినాటి ఇత్తడి కొలతలు వరుసగా పెట్టుకుంటుంది: మానిక, తవ్వ, సోల, గిద్దె. నాలుగు మానికల ముక్కలకు మానికెడు కారం, ఉప్పు ఒక సోల తక్కువ. పిల్ల ఉప్పు కొలిచి పోస్తోంది, మోచేతుల దాకా కారం.

గేటు దగ్గర ఒక సారు, చేతిలో రిజిస్టర్, చంకలో కరపత్రాలు, చొక్కా వీపంతా చెమట. నీళ్లిచ్చాం. తాగి, పిల్లను చూసి "ఎన్నో తరగతి బిడ్డా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు మా అమ్మ అందుకుంది. "హైదరాబాద్‌ల మేనత్త ఇంట్ల ఉండి సదువుతది సారూ. సెలవులకు వచ్చింది."

"బళ్లు తెరిచి వారం దాటింది కదమ్మా" అన్నారాయన మెల్లగా.

పిల్ల సోల పక్కన పెట్టి లేచింది. "నేను ఏ బడికీ పోను సార్. నానమ్మకు సిగ్గని అట్ల చెప్తున్నది."

మా అమ్మ కొంగుతో ముఖం తుడుచుకోబోయి, కొంగుకు కారం ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. సారు కోప్పడలేదు. అరుగు మీద కూర్చున్నారు. లెక్కల టీచరట. ఇత్తడి కొలతల వైపు చూసి, "పావులో పావు ఎంత?" అన్నారు.

నాకు చెమట పట్టింది. భిన్నాలు నేను చెప్పనేలేదు. పిల్ల మానికను చూసింది, సోలను చూసింది. "మానికల పావంటే సోల. సోలల పావు గిద్దె. గిద్దె సార్."

"మానికకు ఎన్ని గిద్దెలు?"

"పదహారు."

ఆయన పకపకా నవ్వారు. నేను గాల్లో తేలాను, ఉన్నమాట చెప్పాలంటే. అప్పుడాయన ఒక కరపత్రం తిప్పి పెన్ను ఇచ్చి "రాసి చూపియ్యి" అన్నారు. పిల్ల చాలాసేపు వంగి ఏదో గీసింది. చూస్తే గిద్దె బొమ్మ. చిన్న గిన్నె, అంచు మీద గీతలతో సహా. పదహారింట ఒక వంతు అని అంకెల్లో రాయాలని దానికి తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు.

"పాపకు లెక్క వచ్చు సార్, రాత రాదు. రెండూ కావాలె" అన్నారు. "మా దగ్గరికి పంపుతరా, మీరే చెప్తరా మీ ఇష్టం. పేరు మాత్రం రాసుకుంటున్న."

బడి బయటి పిల్లల పేజీ అది. పైన నాలుగు పేర్లు ఊరి బయట ఇటుక బట్టీల దగ్గరి పిల్లలవి. ఐదోది మా అమ్మాయిది. తండ్రి వృత్తి అన్నచోట ఏం రాయమంటారని అడిగారు, చెప్పాను. ఒక్క క్షణం నా వైపు చూసి రాసుకున్నారు. ఆ చూపు నేను మర్చిపోను. ఆ పూట మా అమ్మ అన్నం తినలేదు. తొక్కులో ఉప్పెక్కువైందని ఏడాది పొడుగునా ఆ సారునే తిట్టింది.

వెళ్తూ వెళ్తూ ఆయన ఒక మాట అన్నారు. "సాయంత్రం నాలుగున్నర దాటినంక మా గ్రౌండ్‌కు పంపండి. ఖోఖోకు ఒక పిల్ల తక్కువ పడుతున్నది." మీ ప్రశ్నకు నిజమైన జవాబు అక్కడుంది. దాదాపు రెండేళ్లు, కరోనా వచ్చేదాకా, మా అమ్మాయి ఆ పిల్లలతో ఆడింది. మోకాళ్లు పగిలాయి, బూతులు నేర్చుకుంది, ఒకమ్మాయితో ఆర్నెల్లు మాటల్లేవు. ఇంతకంటే నలుగురిలో కలవడం ఏముంటుందండీ? అసలు బడిలో కలవనిస్తారా? తరగతిలో మాట్లాడితే నోటి మీద వేలు, భోజనానికి ఇరవై నిమిషాలు, బస్సులో సీట్ల గొడవ.

2020 మార్చిలో బళ్లన్నీ మూసేసరికి ఊళ్లో పిల్లలందరూ మా పిల్లలాగే అయిపోయారు. అప్పటిదాకా మమ్మల్ని చూసి పెదవి విరిచిన బంధువులే ఫోన్ చేసి "అన్నా, ఇంట్ల ఎట్ల కూసోబెడుతున్నవే?" అని అడిగారు. నేను రెండు నెలలు గురువునైపోయాను. సెప్టెంబరు నుంచి టీవీలో, టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో బడి పాఠాలు వస్తుంటే మా అమ్మాయి తన వయసువి వదిలేసి పెద్ద తరగతుల బయాలజీ చూసేది. ఎవరూ చూడమనలేదు కాబట్టి చూసిందని నా నమ్మకం.

అంతా బాగుందని చెప్తే అబద్ధం. పదకొండు, పన్నెండేళ్ల వయసులో బాగా ఒంటరిదైంది. ఖోఖో పిల్లలు హైస్కూల్ వేరేచోటికి మారారు. మధ్యాహ్నం రెండింటికి వీధి నిర్మానుష్యంగా ఉంటుంది, ఆ టైమ్‌లో కిటికీ దగ్గర నిలబడేది. "బడికి పోతావా?" అని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వద్దంది, కానీ రెండోసారి వెంటనే అనలేదు. ఇక ప్రతి నెలా 20వ తేదీ వస్తే జీఎస్టీ రిటర్నులు, జూలై నెలాఖరున ఇన్‌కం ట్యాక్స్. ఆ రోజుల్లో మా ఇంట్లో చదువు బంద్. ఒక జీతం నిలకడగా వచ్చే ఇల్లు కాబట్టి నడిచింది. ఇద్దరూ ఆఫీసుకు పోయే ఇంట్లో ఇది ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు. చాలా ఇళ్లలో ఆడవాళ్లే ఉద్యోగం మానేస్తున్నారు, దాన్ని పిల్లల కోసం త్యాగం అని పొగుడుతున్నారు. పొగిడే మగవాళ్లు ఒక్క ఏడు మానేసి చూడాలి.

ఇంకో తద్దినం వాట్సాప్ గ్రూపులు. పెద్ద ఊళ్ల తల్లిదండ్రులు చెక్క బొమ్మల ఫోటోలు పెడతారు, అక్షరాలు దిద్దుకునే చెక్క పలక వేలల్లో. ఇసుకలో వేలితో దిద్దించిన మా అమ్మకు ఆ ధర చెప్తే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది.

అన్నట్టు, మా చిన్నోడు బడికే పోతాడు. ఐదేళ్లప్పుడు వాడే బ్యాగు కావాలని ఏడ్చి చేరాడు. టై కట్టుకుంటే వాడి ముఖం వెలిగిపోతుంది. ఒకే ఇంట్లో ఒకరు ఇట్లా, ఒకరు అట్లా ఏంటని అందరూ అడుగుతారు. ఒకే ఇంట్లో ఒకరికి కాకరకాయ ఇష్టం, ఒకరికి కాదు. దానికి ఎవరైనా వివరణ అడుగుతారా?

చట్టం సంగతి కూడా చాలామంది భయపెడతారు. సెక్షన్లు చదవడం నా పొట్టకూటి పని కాబట్టి చదివాను. 2009 విద్యాహక్కు చట్టంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెప్తుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం లేదు. ఇంటి చదువు తప్పని గానీ ఒప్పని గానీ అందులో విడిగా రాయలేదు. ఆ సందులోనే మేమంతా బతుకుతున్నాం.

పదో తరగతి జాతీయ ఓపెన్ స్కూల్లో, అంటే ఎన్ఐఓఎస్‌లో కట్టించాం. 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 33 శాతం వస్తే పాస్. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. మా అమ్మాయి తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, పెయింటింగ్ తీసుకుంది. తెలుగు మీడియంలోనూ రాయొచ్చు. 2025లో పాసైంది, లెక్కల్లో 61. ఇప్పుడు ఇంటర్ బైపీసీ, తనే అడిగి మామూలు కాలేజీలో చేరింది. ఓపెన్‌లో ఇంటర్ చేస్తే మెడికల్ ఎంట్రన్స్ నీట్ రాయనివ్వరని మా బావమరిది ఇప్పటికీ వాదిస్తాడు. అలా అడ్డుకునే 1997 నాటి నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టు దగ్గరా ఆ గొడవ తీరింది. అతనికి ఆ తీర్పు వాట్సాప్‌లో పంపాను, నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

మీకు పనికొచ్చే మాట ఒక్కటి. బడి మాన్పించేటప్పుడు టీసీ తీసుకుని భద్రంగా దాచండి. రేపు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటివాటిలో లోకల్ అని చూపించాలంటే ఆరో తరగతి నుంచి ఏటేటా బోనఫైడ్, అంటే అక్కడే చదివినట్టు బడి ఇచ్చే కాగితం అడుగుతారు. బడిలో చదవని పిల్లలైతే దాని బదులు ఏడేళ్ల నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దానికోసం మేం తహసీల్దారు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాం. కౌంటర్లో అబ్బాయి దరఖాస్తు చూసి "ఈ ఐదేండ్లు పాప యాడ చదివింది సార్?" అన్నాడు. ఇంట్లో అన్నాను. "ఇంట్లనా? అంటే ఖాళీగ ఉన్నదా?" అన్నాడు. పక్కనున్న మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. నేను నవ్వలేదు, రెండు జిరాక్సులు తక్కువయ్యాయంటే తేవడానికి కిందికి దిగాను.