తాతయ్య కథ రాసే ముందు నాన్నగారి మాట వినండి

ప్రశ్న: మాది విజయవాడ. వచ్చే మాఘమాసంలో మా తాతయ్యకు తొంభై ఏళ్లు నిండుతాయి. ఆయన సొంతూరు తెనాలి దగ్గర పల్లె. 1961లో కొంత మాగాణి అమ్మి, నాయనమ్మనూ ఏడేళ్ల మా నాన్ననూ వెంటబెట్టుకుని తుంగభద్ర ఎడమ కాలువ కిందికి, ఇప్పటి కర్ణాటకలోని సింధనూరు వైపు ఒక క్యాంపుకు (వలస రైతుల ఊళ్లను అక్కడ అలాగే అంటారు) వలస వెళ్లారు. నాన్న ఐదో తరగతి దాకా అక్కడ కన్నడ బడిలో చదివారు. ఆ తర్వాత తెలుగు చదువు కోసం ఆయన్ను ఊళ్లో ఉన్న చిన్నతాతయ్య ఇంటికి పంపారు. నాన్న అక్కడ ఉన్నప్పుడే తాతయ్య మిగిలిన పొలం వాటా తమ్ముడికి చెప్పకుండా బయటివాళ్లకు అమ్మేశారు. అప్పటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. చిన్నతాతయ్య పోయారు, ఆయన కొడుకు, మా బాబాయి, ఊళ్లోనే ఉన్నారు. నాయనమ్మ పోయాక తాతయ్య మా దగ్గరికి వచ్చేశారు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం గేటు కొట్టుకుపోయిందని టీవీలో చూసినప్పటి నుంచి, ‘నన్నొకసారి క్యాంపుకు తీసుకెళ్లండి’ అని ఒకటే అడుగుతున్నారు. ఆయన జీవితాన్ని పుస్తకంగా రాసి పుట్టినరోజుకు అచ్చు వేయించాలని నా కోరిక. నాన్న ప్రయాణానికీ పుస్తకానికీ కూడా వద్దంటున్నారు. ‘ఆయన ఇష్టపడి వెళ్లాడు. మమ్మల్నెవరూ అడగలేదు’ అని ఒకసారి అరిచేశారు. నాన్న మనసు మార్చడం ఎలా?

జవాబు: మీ ఉత్తరమంతా తాతయ్య మీద ప్రేమే. చదువుతూ నేను ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పొలం వాటా అమ్మేనాటికి మీ నాన్నగారు చిన్నతాతయ్య ఇంట్లోనే ఉన్నారని రాసి, మీరు వెంటనే వేరే సంగతికి వెళ్లిపోయారు.

ఆ పిల్లవాణ్ని ఒకసారి తలచుకోండి. అమ్మానాన్నలను చూడాలంటే రాత్రంతా రైల్లో వెళ్లాలి. తినేది చిన్నాన్న ఇంటి అన్నం. ఒకరోజు ఆ ఇంట్లోనే ‘మీ నాన్న మాకు అన్యాయం చేశాడు’ అన్న మాట మొదలైంది. కంచం ముందు కూర్చున్న కుర్రవాడు ఆ మాటకు ఏమని బదులు చెబుతాడు? నాన్నను వెనకేసుకొస్తే అన్నం పెడుతున్న పిన్ని నొచ్చుకుంటుంది. నోరు మూసుకుంటే కన్నతండ్రిని తానే తప్పుబట్టినట్టు ఉంటుంది. అచ్చం ఇలాగే జరిగిందని నేను చెప్పలేను, అది మీరే అడిగి తెలుసుకోవాలి. కానీ ఆ అరుపు వెనక ఇలాంటిదేదో ఉందని నాకు బలంగా అనిపిస్తోంది.

మీ తాతయ్య చేసింది చిన్న పని కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి కాలువలకు నీళ్లు వచ్చాక, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఎందరో గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతాలకు తరలిపోయారు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చే రోజులవి. జొన్నా పత్తీ పండే నల్లరేగడి మెట్టను చదును చేశారు, గట్లు వేశారు, వరి మడులుగా మార్చారు. పాకల్లో కాపురాలు, చుట్టూ పాములు, తేళ్లు. ఇవాళ గంగావతి ప్రాంతాన్ని కర్ణాటకకు వరి గాదె అంటున్నారంటే అందులో మీ తాతయ్య లాంటి వాళ్ల చెమట ఉంది. ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి పందొమ్మిదో గేటు కొట్టుకుపోయి, నిలవ నీరు వృథాగా పోతుంటే ఆయనకు ప్రాణం కొట్టుకోకుండా ఎలా ఉంటుంది? ఆ నీళ్ల మీదే ఆయన సంసారమంతా నడిచింది.

అయితే ఆ నీళ్ల కోసం ఊరు వదిలిన రైతు ఒకరు, ఆయన చెయ్యి పట్టుకుని నడిచిన పిల్లవాడు ఇంకొకరు. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు సింధనూరు ఉన్న రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు (ఇప్పటి కర్ణాటక) రాష్ట్రంలోకి వెళ్లింది. మీవాళ్లు చేరేసరికి బడిలో చదువు కన్నడంలో. తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లవాడు మళ్లీ పలక పట్టాడు. ఆ భాష నోటికి వచ్చి, ఆడుకోవడానికి నలుగురు స్నేహితులు దొరికే వేళకు మళ్లీ తెలుగు బడికని పంపించేశారు. రెండుసార్లు ఊరు మారాడు, రెండుసార్లూ పెద్దవాళ్లే నిర్ణయించారు. మీ నాన్నగారు ‘నన్ను’ అనకుండా ‘మమ్మల్ని’ అన్నారు చూడండి, అందులో మీ నాయనమ్మ కూడా ఉండి ఉంటుంది. పుట్టింటికి అంత దూరాన, తెలియని భాష మాట్లాడే ఊళ్ల మధ్య పాకలో పొయ్యి వెలిగించిన మనిషి ఆమె. మీ పుస్తకంలో ఆమెకు ఎన్ని పేజీలు ఉన్నాయి?

మనసు మార్చడం ఎలా అని అడిగారు. ముందు ఆ ప్రయత్నం మానండి. పుస్తకం ఊసెత్తకుండా నాన్నగారితో తీరిగ్గా కూర్చోండి. సెలవులకు క్యాంపుకు ఎవరు తీసుకెళ్లేవారు, రైల్లో ఏం తినేవారు, కన్నడ బడిలో పక్కన ఎవరు కూర్చునేవారు, ఇలాంటివి అడగండి. ‘ఏముంది చెప్పడానికి’ అని లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, ఇంకో రోజు అడగండి. ఫోనులో రికార్డు చేయకండి. అన్నిటికంటే ముఖ్యంగా, ‘తాతయ్య చేసిందంతా మీ కోసమే కదా నాన్నా’ అనకండి. ఆ మాట ఆయన అరవై ఏళ్లుగా వింటూనే ఉండి ఉంటారు, ఇప్పుడు కూతురి నోట కూడా వినాలా? ‘ఇవన్నీ నాకు తెలియవు నాన్నా’ అనండి, చాలు.

తాతయ్య దగ్గర మాత్రం ఆలస్యం చేయకండి. ఆయన చెప్పేది ఇప్పటి నుంచే రాసుకోండి. ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే తడబడతారు. దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా అని అడగండి. 1977 నవంబరు నాటి ఆ ఉప్పెనను తెనాలి వైపు వాళ్లు ఎక్కడున్నా మరిచిపోలేదు. నేల ఎవరి దగ్గర కొన్నారో, అమ్మినవాళ్లు తర్వాత ఏమయ్యారో కూడా అడగండి. తమ చేను అమ్ముకుని, అక్కడే కూలికి వెళ్లిన స్థానికులూ ఉన్నారు. ఆ సంగతి లేకపోతే క్యాంపు కథ సగమే అవుతుంది.

పొలం వాటా సంగతి మీరుగా ఎత్తకండి. ఆయనే ఎత్తి, ‘తమ్ముడికి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది’ అంటే, ‘పోనీలెండి తాతయ్యా’ అని సర్దేయకండి. ‘ఈ మాట నాన్నతో ఎప్పుడైనా అన్నారా?’ అని అడగండి. ఆ మాట చెప్పవలసిన మనిషి ఈ ఇంట్లోనే, డెబ్బై ఏళ్లు పైబడి, పక్క గదిలో ఉన్నారు. అంతకు మించి ఎవరినీ ఒత్తిడి చేయకండి. ఆ మాట ఎప్పుడు చెప్పుకోవాలో ఆ తండ్రీకొడుకులే చూసుకుంటారు.

పుట్టినరోజుకు ఎవరికీ చెప్పకుండా బాబాయిని పిలిచి అందరినీ ఆశ్చర్యపరచాలనే ఆలోచన ఏమైనా ఉంటే, అది మాత్రం వద్దు. నలుగురి ముందు బలవంతంగా కలిపిన చేతులు గుమ్మం దాటగానే విడిపోతాయి. తెనాలి మీకు గంట ప్రయాణం. బాబాయికి ముందుగా ఫోను చేయాలో వద్దో మీ నాన్నగారే చెప్పాలి, ఆ ఇంట్లో పెరిగింది ఆయన. పాత కాగితాలు తీయకండి. ఎవరిది తప్పో మీ పుస్తకం తేల్చనక్కరలేదు. తాతయ్య చెప్పింది తాతయ్య మాటగానే రాయండి. నాన్నగారు ఇష్టపడితే ఆయన మాట ఆయన గొంతులో వేయండి, లేదంటే ఆ పేజీలు లేకుండానే పుస్తకం రానివ్వండి. అచ్చుకు ఇచ్చే ముందు మాత్రం రాసిందంతా ఒకసారి ఆయన చేతికివ్వండి.

ఇక ప్రయాణం. దాన్ని పుస్తకంతో ముడిపెట్టకండి. పుస్తకం పుట్టినరోజు దాటి వచ్చినా నష్టం లేదు, తొంభై ఏళ్ల మనిషి ప్రయాణం వాయిదా పడకూడదు. ముందు ఆయన్ను చూసే డాక్టరును అడగండి. సరేనంటే చలికాలపు వరి కోతలప్పుడు వెళ్లండి, ఎండ బాధ ఉండదు, పొలాల్లో మనుషులూ కనిపిస్తారు. విజయవాడ, గుంటూరు మీదుగా హుబ్లీ వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ హోస్పేటలో ఆగుతుంది, అక్కడి నుంచి కారు మాట్లాడుకోవచ్చు. బయలుదేరే ముందు క్యాంపుకు ఫోను చేసి, ఆయన ఈడువాళ్లలో ఎవరున్నారో, ఎవరు పోయారో కనుక్కుని ఆయనకు ఇక్కడే నెమ్మదిగా చెప్పండి. అక్కడికి వెళ్లాక వీధిలో నిలబడి వినవలసిన కబుర్లు కావవి. డాక్టరు వద్దంటే, క్యాంపులో ఉన్న పిల్లలెవరితోనైనా వీడియో కాల్‌లో కాలువా పొలాలూ చూపించమనండి.

‘మీరూ రండి నాన్నా’ అని ఒక్కసారి అడగండి. రానంటే కారణం అడగకండి, వస్తానంటే ఆయన చదివిన బడి దగ్గర కూడా కారు ఆపించండి. కింది బెర్తులు దొరకాలంటే చాలా ముందుగా టికెట్లు తీయాలి కాబట్టి, ఈ వారంలోనే డాక్టరును కలవండి.