‘వాడని ఫైళ్లు’ అని రిపోర్టు చెప్తే నమ్మి డిలీట్ కొట్టాను

మీరు అడిగింది ఇదీ: హెల్ప్ ప్రాజెక్టులో (సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పేజీలూ బొమ్మలూ ఉండేది) వేలకొద్దీ ఫైళ్లు పేరుకుపోయాయి, వాడనివి ఏవో కనిపెట్టి ఒకేసారి తీసేసే దారి ఉందా అని. ఉంది. ఆ దారిలోనే వెళ్లి నేను ఒక సంక్రాంతి పాడుచేసుకున్నాను.

మాదాపూర్‌లో టెక్నికల్ రైటర్‌గా చాలా ఏళ్లు చేశాను. (పెళ్లిచూపుల్లో ఈ ఉద్యోగం పేరు చెప్తే "అమ్మాయి కథలు రాస్తుందా?" అని అడిగారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాసే పనేముంటుందని మా మేనత్తకి ఇప్పటికీ అనుమానమే.) నా చేతికొచ్చిన ప్రాజెక్టు విన్‌హెల్ప్ (పాత విండోస్‌లో హెల్ప్ చూపించే పద్ధతి) కాలంలో పుట్టింది. 2007లో విండోస్ విస్టా వచ్చేసరికి మైక్రోసాఫ్టే విన్‌హెల్ప్‌ని పక్కన పెట్టేసింది, మావాళ్లు మాత్రం పెట్టలేదు. అప్పటి ఆర్‌టీఎఫ్ డాక్యుమెంట్లు, నొక్కితే పేజీకి వెళ్లే ఎస్‌హెచ్‌జీ బొమ్మలు ఫోల్డర్లలో భద్రంగా ఉన్నాయి. వాటి మీద సీహెచ్ఎం (హెల్ప్ అంతా ఒకే ఫైలుగా కట్టే తర్వాతి పద్ధతి) కోసం చేసినవి, వాటి మీద వెబ్ కోసం చేసినవి. ‘లాగిన్’, ‘లాగిన్ న్యూ’, ‘లాగిన్ న్యూ ఫైనల్’, ‘లాగిన్ ఫైనల్ వాడొద్దు’ అని నాలుగు స్క్రీన్‌షాట్లు. పేజీల్లో నిజంగా వాడుతున్నది ఆ ‘వాడొద్దు’నే.

సంక్రాంతి వారం. ఊళ్లున్నవాళ్లంతా విజయవాడ హైవే ఎక్కేశారు. ఫ్లోర్‌లో నేనూ, ఏసీ చప్పుడూ. రాయదుర్గం వెళ్లే మెట్రోలో పొద్దున పూట సీటు దొరికింది, నా పండగ అదే. బిల్డ్‌కి, అంటే ఫైళ్లన్నీ కలిపి హెల్ప్‌గా కట్టడానికి, నలభై నిమిషాలు పడుతోందని మా లీడ్ మేడమ్ ఎప్పుడూ గొణిగేవారు. అడ్డుపడేవాళ్లు లేరు కదా, శుభ్రం చేసి పెడదామనిపించింది. హెల్ప్ తయారుచేసే టూల్‌లో ‘వాడని ఫైళ్ల’ రిపోర్టు తీస్తే 1,140 ఫైళ్లు వచ్చాయి, వాటికి ఎక్కడి నుంచీ లింకు లేదట. పైనుంచి ఓ ఇరవై తెరిచి చూశాను, అన్నీ చెత్తే. మిగతావి చూడలేదు. మర్నాడు భోగి. పాత సామానంతా మంటలో వేసినట్టు మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. బిల్డ్ ఇరవై ఐదు నిమిషాలకు దిగింది, ఎర్రర్ ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం చాయ్‌లో ముంచుకుని తిన్న ఉస్మానియా బిస్కెట్ రుచి ఇంకా గుర్తుంది.

కనుమ అయ్యాక డెవలపర్ కుర్రాడొకడు నా సీటు దగ్గరికొచ్చాడు. "అక్కా, 4012 ఏమైంది?"

అప్లికేషన్‌లో ఒక స్క్రీన్ మీద ఎఫ్1 నొక్కితే ఆ స్క్రీన్ హెల్పే తెరుచుకోవాలి కదా. స్క్రీన్‌నీ పేజీనీ కలిపే నంబరు అది, మ్యాప్ ఐడీ అంటాం. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ రోజు గుర్తురాలేదు. అలాంటి పేజీని పిలిచేది ప్రోగ్రామ్ కోడ్. మా దాంట్లో అవి విషయసూచికలో ఉండేవి కావు, వేరే పేజీల నుంచి లింకూ ఉండేది కాదు. అలా అరవై మూడు పేజీలు పోయాయి. నోట్, హెచ్చరికల పక్కన కనిపించే బుల్లి గుర్తులూ పోయాయి. వాటిని సీఎస్ఎస్‌లో (పేజీల రూపం నిర్ణయించే ఫైలు) బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టారు ఎవరో మహానుభావులు, మా రిపోర్టు ఆ లోపలికి తొంగిచూడలేదు. టూల్ పేరు చెప్పను. రోబోహెల్ప్, ఫ్లేర్ లాంటి హెల్ప్ టూల్స్‌లోనూ ఇలాంటి రిపోర్టులున్నాయి. మా రిపోర్టు లింకులు లెక్కపెట్టింది, అంతే. ఎఫ్1 నొక్కే మనిషి గురించి దానికేం తెలుసు?

వెర్షన్ కంట్రోల్ (ఫైళ్ల పాత రూపాలన్నీ దాచిపెట్టేది) ఉంది కాబట్టి బతికిపోయాను. అన్నీ వెనక్కి తెచ్చి, ఆ కుర్రాడి దగ్గర ఈ నంబర్లుండే హెడర్ ఫైలు తీసుకుని, ఇద్దరం కూర్చుని ఒక్కో నంబరూ పేజీతో పోల్చుకుంటూ పోయాం. రెండు రోజులు పట్టింది. అప్పుడు బయటపడిందేమిటంటే, కొన్ని నంబర్లకు అసలు స్క్రీన్లే లేవు. ఎప్పుడో తీసేసి మాకు చెప్పలేదు. స్క్రీన్ మారిస్తే రైటర్‌కి ఒక ముక్క చెప్పాలని ఏ డెవలపర్‌కీ తోచదు. హెల్ప్‌లో తప్పుంటే మాత్రం రిలీజ్ రోజు రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తారు. ఇక ఈ క్లీనప్ పనికి ఎవరూ టికెట్ వెయ్యరు, టైమూ ఇవ్వరు. "ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యమ్మా" అంటారు. ఖాళీగా ఉండేది పండగ వారంలోనే.

ఇప్పుడైతే నేను డిలీట్ చెయ్యను. ఓ యాభై యాభైగా ప్రాజెక్టు బయట ఉన్న ఫోల్డర్‌లోకి జరిపేస్తాను. అంతకుముందు ప్రతి ఫైలు పేరునూ ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తంలో టెక్స్ట్‌గా వెతుకుతాను, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, స్కిన్ (హెల్ప్ విండో రూపం), మ్యాప్ ఫైళ్లతో సహా. తర్వాత ఒక్క సీహెచ్ఎం కట్టి ఊరుకోకుండా ఉన్న అవుట్‌పుట్‌లన్నీ కట్టి, విరిగిన లింకుల రిపోర్టు చూసి, అప్లికేషన్ తెరిచి స్క్రీన్ స్క్రీన్‌కీ ఎఫ్1 నొక్కుతాను. విసుగ్గానే ఉంటుంది. ఒక రిలీజ్ గడిచాక కూడా ఎవరూ అరవకపోతే ఆ బయటి ఫోల్డర్ తీసేస్తాను.

‘లాగిన్ ఫైనల్ వాడొద్దు’ పేరు మాత్రం ఇంకా మార్చలేదు. పేరు మారిస్తే లింకులన్నీ టూలే సరిచేస్తుందట. కావాలంటే మీరు మీ ప్రాజెక్టులో చేసి చూడండి.