కోటా అంకె వేసే ముందు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. ఏటా ఎంత చేప పట్టనివ్వాలో తేల్చే కమిటీలో నీకు చోటు దొరికిందని తెలిసి చాలా సంతోషించాను. మొదటి సమావేశానికి ఏం చదువుకుని వెళ్లాలని అడిగావు. కాగితాలు ఎలాగూ వాళ్లే ఇస్తారు, తల్లీ. అక్కడ కూర్చున్నాక నీ మీద పడే ఒత్తిడి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని ముందు అదే రాస్తున్నాను.

సముద్రంలో చేప లెక్క తక్కువ వచ్చిన ఏడాదే అసలు పరీక్ష. సర్వే చూసి శాస్త్రవేత్తలు కోటా సగానికి కొయ్యమంటారు. బోటు యజమానులు అప్పుల కాగితాలు చూపిస్తారు. ఫ్యాక్టరీ వాళ్లు పని పోయే కూలీల జాబితా తెస్తారు. వాళ్లెవరూ అబద్ధం చెప్పరు, అదే కష్టం. అప్పుడు ఎవరో ఒకరు "ఇప్పటికి కొంచెం తగ్గిద్దాం, మిగతాది వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. అందరూ హమ్మయ్య అనుకుంటారు. సముద్రంలో ఉన్న చేప నిల్వలు కుప్పకూలడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప కథ నువ్వు పాఠంగా చదివే ఉంటావు. కానీ కూలిన ఏడాది కన్నా దానికి ముందు గడిచిన ఏళ్లను చూడు. 1968లో అక్కడ సుమారు 8 లక్షల టన్నులు పట్టారు, అందులో ఎక్కువ భాగం విదేశీ ఓడలదే. 1977లో కెనడా తీరం నుంచి 200 మైళ్ల హద్దు గీసి, సముద్రం తన చేతికి వచ్చిందని ధీమా పడింది. లెక్కలు వేసేవాళ్లు పెద్ద వల ఈడ్చుకుపోయే ట్రాలర్ ఓడలకు గంటకు ఎంత చేప పడుతోందన్న అంకెను గట్టిగా నమ్మారు. ఆ అంకె బాగానే ఉంటూ వచ్చింది. ఉండదా మరి! ట్రాలర్ చేప ఉన్న చోటికే పోతుంది. పైగా నిల్వ తరిగేకొద్దీ మిగిలిన కాడ్ కొద్దిచోట్లే దట్టంగా చేరింది. చేప ఉన్నా లేకున్నా ముందే గుర్తుపెట్టుకున్న చోట్లలో వల వేసే సర్వే ఓడ మాత్రం వేరే కథ చెప్పింది. తీరం దగ్గర చిన్న వలలు వేసుకునేవాళ్లు చేప తగ్గింది, సైజు కూడా తగ్గింది అని మొత్తుకున్నారు. 1989కి శాస్త్రవేత్తలు 1.25 లక్షల టన్నులు దాటొద్దంటే, కోటా 2.35 లక్షల టన్నులకు పెట్టారు. 1992 జూలైలో వేట మొత్తం ఆగిపోయింది. సుమారు 30 వేల మందికి పని పోయింది. రెండేళ్లకని చెప్పిన నిషేధం 2024 దాకా సాగింది. నీళ్లు చల్లబడడం వల్లే ఇలా జరిగిందనే వాళ్లున్నారు, అందులో కొంత నిజం ఉంది. కానీ సముద్రం కలిసిరాని కాలంలో సగం తగ్గించాల్సిన వేటను తగ్గించకపోవడం మనుషులు తీసుకున్న నిర్ణయమే.

అందుకని నా మొదటి మాట: ఎంత తగ్గించాలన్న వాదన చెడ్డ ఏడాదిలో పెట్టుకోవద్దు. బాగున్న ఏడాదిలోనే నియమం రాయించు. అసలు వేటే లేకపోతే గుడ్లు పెట్టే చేప ఎంత ఉండేదో అంచనా వేసి, ఇప్పుడు అందులో ఎన్నో వంతు ఉందో చూస్తారు. ఫలానా స్థాయి దాకా మామూలు వేట. అక్కణ్నుంచి దిగేకొద్దీ కోత. మరీ దిగితే సున్నా. అమెరికా పసిఫిక్ తీరంలో అడుగున తిరిగే చేపలకు '40-10' అని ఒక నియమం ఉంది: 40 శాతం కిందికి దిగితే కోత మొదలవుతుంది, 10 శాతం దగ్గర వేట ఆగిపోతుంది. బోట్లవాళ్లు, ఫ్యాక్టరీలవాళ్లు కూర్చుని ముందే సంతకం పెట్టిన నియమమైతే, అంకె చెడ్డగా వచ్చిన రోజు నువ్వొక్కదానివే శత్రువుగా కనబడవు. దక్షిణ బ్లూఫిన్ ట్యూనాకు 2011లో ఇలాంటి పద్ధతే పెట్టారు. అప్పటికి ఆ నిల్వ వేట లేనప్పటి స్థాయిలో పదో వంతుకన్నా తక్కువకు పడిపోయింది. ఇప్పుడది 20 శాతం దాటింది. ఇంతకన్నా ధైర్యమిచ్చే ఉదాహరణ నాకు తెలియదు.

రెండోది, హద్దు దాకా పోవద్దు. "ఇంతకు మించితే నిల్వకు నష్టం" అన్న అంకెను కోటాగా పెడితే, అంచనా కాస్త తప్పినా నష్టం జరిగిపోతుంది. అమెరికా 2006లో చట్టం సవరించి ఏటా పరిమితి తప్పనిసరి చేసింది. అక్కడ గరిష్ఠ హద్దుకు ఒక మెట్టు కింద శాస్త్రవేత్తల సలహా ఉంటుంది, కోటా దాన్ని దాటకూడదు. ఎంత తక్కువ తెలుసో అంత దూరంగా ఆగాలి.

ఇక రేవు లెక్కలు. అంకె ఎక్కడ పుడుతుందో కళ్లారా చూడకుండా సమావేశంలో దాని గురించి మాట్లాడకమ్మా. చేప దిగేటప్పుడు వెళ్లి నిలబడు. బుట్టలో పైన కనిపించేవి కొలిచి వచ్చేస్తే, పెద్ద చేపే మిగిలిందన్న భ్రమ కలుగుతుంది. అడుగు దాకా కుమ్మరించి కొలవాలి. తూకంలో ఐసుకూ నీళ్లకూ ఎంత తీసేస్తున్నారో అడుగు. ఆ తీసివేత ఇష్టమొచ్చినట్టు జరిగితే ఏడాది చివరికి కోటాలో పెద్ద కంతే పడుతుంది. చేప వయసు తెలుసుకోవడానికి దాని తలలోంచి చెవిరాయి తీసేవాళ్ల పక్కన కాసేపు కూర్చో. గోరంత ఉంటుంది. దాన్ని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మానులో లాగా ఏడాదికో వలయం కనిపిస్తుంది. ఆరెంజ్ రఫీ అనే లోతునీటి చేప నూరేళ్లు పైబడి బతుకుతుందని, ముప్పై ఏళ్లు వస్తే గానీ గుడ్లు పెట్టదని అలాగే తేలింది. అలాంటి చేపకూ, ఏడాదికే గుడ్లు పెట్టే చేపకూ ఒకే కోత పనికిరాదు.

రేవుకు రాని చేప గురించి అడగడం కూడా మరిచిపోకు. కోటా తక్కువ, పెద్ద చేపకు ధర ఎక్కువ అయితే చిన్నవాటిని చచ్చాకే సముద్రంలో పారేస్తారు. కాగితం మీద అవి లేవు, సముద్రంలోనూ లేవు. నార్వే 1987లోనే కాడ్, హాడాక్ చేపలను పారేయడాన్ని నిషేధించింది. నిషేధం ఒక్కటే చాలదు. బోటు మీద పరిశీలకుడో కెమెరానో ఉండాలి. చచ్చిన ప్రతి చేపా లెక్కలోకి రావాలి. పెరూలో ఆంకోవీ అనే చిన్న చేప వేటలో 12 సెంటీమీటర్ల లోపు పిల్లలు పదో వంతు దాటితే ఆ ప్రాంతంలో వేట ఆపేస్తారు. ఏడాది అంకెతో పాటు ఇలా వేట నడుస్తుండగానే పట్టే బ్రేకు కూడా ఉండాలని గట్టిగా అడుగు.

బోట్లన్నిటికీ కలిపి ఒకే అంకె పెట్టి వదిలేస్తే బోట్లు పరుగుపందెం పెట్టుకుంటాయి. అలాస్కాలో హాలిబట్ చేప వేట చివరికి ఏడాదిలో ఒకటి రెండు రోజులకు కుంచించుకుపోయింది. తుపాను గాలిలోనైనా వెళ్లాల్సిందే. తెగిపోయిన తాళ్లూ గాలాలూ అడుగున పడి చేపను చంపుతూనే ఉండేవి. 1995లో ఎవరి వాటా వాళ్లకు పంచాక వేటకాలం దాదాపు ఎనిమిది నెలలైంది. వాటాల పద్ధతికి నేను అనుకూలమే, ఒక షరతు మీద: ఒకడి చేతిలో ఎంత వాటా ఉండొచ్చన్నదానికి హద్దు మొదటి రోజే రాయాలి. వాటాలు అమ్మకానికి పోయి పెద్ద కంపెనీల దగ్గర చేరాక మళ్లీ చిన్న బోట్లవాళ్లకు తెచ్చిపెట్టడం ఎవరి తరమూ కాదు.

చివరగా మంచి ఏడాది గురించి. ఒక్కోసారి పిల్లచేప విపరీతంగా పుడుతుంది. రేవులో అందరూ చేప తిరిగొచ్చిందని, కోటా పెంచమని అడుగుతారు. ఆ పిల్లలు పెద్దవై కనీసం ఒక్కసారి గుడ్లు పెట్టేదాకా పెంచొద్దని చెప్పు. నియమంలో పైకి ఎంత వేగంగా వెళ్లొచ్చో కూడా రాసి ఉంటే నీకు ఆ మాట చెప్పడం తేలికవుతుంది. ముసాయిదా తయారవగానే నాకు పంపు. కోత ఏ స్థాయిలో మొదలవుతుందన్న పేరా ముందు చదివి, నా అభిప్రాయం వెంటనే రాస్తాను.

ప్రేమతో,
మామయ్య