ఇన్వెస్టిగేషన్ లైన్‌లోకి వస్తానంటున్న మా మేనకోడలికి

బుజ్జీ,

బీకాం అయిపోయింది మావయ్యా, ఇన్వెస్టిగేషన్ లైన్‌లోకి వెళ్దామంటే ఎక్కడికెళ్ళినా ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటున్నారు అని మెసేజ్ పెట్టావు కదా, రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. ఇన్సూరెన్స్ క్లెయిముల వెనకాల ఇరవై ఆరేళ్ళు ఊళ్ళు తిరిగా, ఆ తిరుగుడులో తెలిసిందే చెప్తా.

ముందు, నువ్వు చేరదామనుకుంటున్న ఆ డిటెక్టివ్ కోర్సుకి నలభై వేలు కట్టకు. గవర్నమెంట్ లైసెన్స్ ఇప్పిస్తామన్నారంటే అక్కడే అబద్ధం, ప్రైవేట్ డిటెక్టివ్‌లకి లైసెన్స్ ఇచ్చే చట్టం మన దేశంలో లేదు, 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ అది చట్టం అవ్వలేదు. ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ స్కూటీ కొనుక్కో.

హైదరాబాద్‌లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీలు, అంటే ఉద్యోగంలో చేరేవాళ్ళు ఇచ్చిన వివరాలు నిజమో కాదో చూసేవి, బోలెడున్నాయి, ఫీల్డ్ పనికి కొత్తవాళ్ళని తీసుకుంటారు. కేసుకింత అని ఇస్తారు, పెట్రోలుకే చాలావరకు పోతుంది, అయినా ఆరు నెలలు చెయ్. ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలుపు కొట్టి, వాళ్ళకి కోపం రాకుండా నాలుగు మాటలు చెప్పించడం అక్కడే అలవాటవుతుంది. సాయంత్రం ఆరు దాటాక కొత్త ఇంటికి ఒక్కదానివే వెళ్ళకు, ఎక్కడున్నావో ఇంట్లో ఎవరికో ఒకరికి లొకేషన్ పెట్టు.

తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున హెల్త్ క్లెయిములు చూసే టీపీఏ అనే సంస్థల్లో ట్రై చెయ్, కాగితం చదవడం వచ్చేది అక్కడే. ఒకసారి ఒక చిన్న హాస్పిటల్ నుంచి ఐదు రోజులు అడ్మిట్ అని క్లెయిమ్ వచ్చింది, డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు అన్నీ నీట్‌గా ఉన్నాయి. నర్సులు రాసే టెంపరేచర్ చార్ట్ ఇమ్మన్నా. ఐదు రోజులు, మూడు షిఫ్టులు, ఒకటే చేతిరాత, ఒకటే పెన్ను, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. మందుల బిల్లులు తీస్తే సోమవారం నంబరు 412, మంగళవారం 413, బుధవారం 414. అంటే మూడు రోజుల్లో ఆ షాపుకి ఇంకో మనిషి రాలేదా!

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది తల్చుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. ఒక డెత్ క్లెయిమ్‌లో పక్కింటాయన, వాడు రెండేళ్ళ నుంచి మంచంలోనే ఉన్నాడండీ, జబ్బు దాచి పాలసీ తీసుకున్నాడు అంటే అదే నిజమని రిపోర్ట్‌లో రాసేశా. తీరా చూస్తే ఆ రెండిళ్ళకీ పొలం గట్టు తగాదా, చనిపోయినాయన ఆఖరి నెల దాకా మిల్లు హాజరు పట్టీలో సంతకాలు పెడుతూనే ఉన్నాడు. ఆయన భార్యకి డబ్బు రావడం తొమ్మిది నెలలు ఆలస్యమైంది, ఈలోపు పెద్దపిల్ల చేత కాలేజీ మాన్పించేశారు. అందుకే కళ్ళతో చూసింది వేరు, ఒకళ్ళు చెప్పింది వేరు, నీకు అనిపించింది వేరు, మూడూ కలిపి ఒక్క వాక్యంలో ఎప్పుడూ రాయకు. చెప్పినాయనకి వాళ్ళతో ఏమైనా గొడవలున్నాయా అని ఇంకో ఇద్దర్ని అడుగు.

ఎవరిదైనా కాల్ డేటా, బ్యాంక్ స్టేట్‌మెంట్ దొంగదారిన తెప్పిస్తా అని ఎవడైనా అంటే ఆ ఆఫీసులో మర్నాడు కూడా ఉండకు. 2018లో థానేలో కాల్ రికార్డులు అమ్ముకున్న కేసులో ప్రైవేట్ డిటెక్టివ్‌లనే అరెస్ట్ చేశారు. తీసిన ఫోటోలు ఫోన్‌లోంచి డిలీట్ చెయ్యకు, వాట్సాప్‌లో పంపితే తేదీ వివరాలు పోతాయి. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది, అందులో సెక్షన్ 63 చదువుకో, ఫోటో అయినా రికార్డింగ్ అయినా కోర్టుకి ఎలా ఇవ్వాలో అందులోనే ఉంది.

నీ బీకాం వేస్ట్ అనుకోకు. సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం కేసు చూడు, 2009 జనవరి 7న బయటపడ్డ ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లెటర్‌లో, పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల క్యాష్, బ్యాంక్ బ్యాలెన్స్‌లో 5,040 కోట్లు అసలు లేవని ఉంది. అందుకే ఆడిట్‌లో బ్యాంక్ కాగితం కంపెనీ చేతుల మీదుగా వస్తే నమ్మకూడదు, బ్యాంక్ నుంచి నేరుగా తెప్పించుకోవాలి. రెండేళ్ళు ఫీల్డ్ చేశాక ఆడిట్ కంపెనీల్లో లెక్కల మోసాలు పట్టే ఫోరెన్సిక్ టీముల్లో అప్లై చెయ్, లెక్కలూ ఫీల్డూ రెండూ తెలిసినవాళ్ళు తక్కువ. సీబీఐలో ఎస్సై పోస్టులకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష రాయాలి, డిగ్రీ చాలు, వయసు దాటకముందే అది కూడా రాస్తూ ఉండు.

మొదటి రిపోర్ట్ రాశాక పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు అన్నీ కొట్టేసి నాకు చూపించు, ఆదివారం పొద్దున కూర్చుని లైన్ లైన్ చదువుదాం.

మీ మావయ్య