పాత ఇంజిన్ ఆయిల్ బర్నర్‌తో నీళ్లు కాచుకోవచ్చా? నేను చేసి చూశాను

మీరు అడిగినది ఇది: ఒడిశా కోరాపుట్ జిల్లా సునాబెడలో అద్దె ఇల్లు. చలికాలంలో స్నానాలకు నీళ్లు కాచుకోవాలి, రాత్రిపూట గది కాస్త వెచ్చగా ఉండాలి. లారీ షెడ్డులో ఊరికే ఇచ్చే పాత ఇంజిన్ ఆయిల్‌తో మండే బర్నర్‌ను ఎక్కడో వీడియోలో చూశారు. దాన్ని ఇంట్లో ఉన్న ఇనుప కుంపట్లో అమర్చుకోవచ్చా అని ఒక ప్రశ్న. తాతగారి ఇత్తడి పంపు స్టవ్ అటక మీద ఉంది, అది పనికొస్తుందా అని రెండో ప్రశ్న.

నీళ్లకు ఆ బర్నర్ వద్దు, గదికి అసలే వద్దు. పంపు స్టవ్‌ను మాత్రం పారేయకండి.

ఈ మాట ఊరికే అనడం లేదు. మాది పర్లాకిమిడి. మా నాన్నగారు బజారులో ముప్పై ఏళ్లు స్టవ్‌లూ పెట్రోమాక్స్ దీపాలూ బాగుచేశారు. వచ్చేవాళ్లు తెలుగు, ఒడియా, సవర, ఏ భాషలో బేరమాడినా అదే భాషలో ధర తగ్గించకుండా నిలబడేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం: నూనె మండదు, నూనె ఆవిరి మండుతుంది. బర్నర్ అనే వస్తువుకు ఉన్న పనల్లా నూనెను ఆవిరి చేయడం, దానికి సరిపడా గాలి కలపడం. ఏ బర్నర్‌నైనా ఈ రెండు పనులూ ఎలా చేస్తోందో చూసి కొనాలి.

వత్తుల స్టవ్‌నే చూడండి. వత్తి కిరోసిన్‌ను పైకి పీల్చి ఇస్తుంది, అంతే. అసలు వంట జరిగేది దాని మీద కూర్చునే రెండు చిల్లుల గొట్టాల మధ్య సందులో. వెలిగించిన కొద్ది నిమిషాలూ పసుపు మంట, కంపు. గొట్టాలు ఎర్రగా కాలాక చిల్లుల్లోంచి వచ్చే గాలి ఆవిరితో కలిసి నీలం మంట పట్టుకుంటుంది. ఆర్పాక కూడా కాసేపు కంపు కొట్టేది ఇందుకే: మంట పోయినా వేడి గొట్టాల దగ్గర నూనె ఇంకా ఆవిరవుతూనే ఉంటుంది. ఒక పక్క మాత్రమే పసుపు నాలుక లేస్తుంటే గొట్టం సరిగ్గా కూర్చోలేదన్నమాట. నాన్నగారు పిడి పట్టుకుని గొట్టాన్ని కుడికీ ఎడమకీ చిటికెడు తిప్పేవారు. టక్కుమని చప్పుడయ్యేది, మంట గుండ్రంగా కుదురుకునేది. గిన్నె అడుగు మసి పడుతోందని స్టవ్ తెచ్చేవాళ్లలో సగం మందికి ఆ చిటికెడు తిప్పుడే వైద్యం. దానికి డబ్బులు తీసుకునేవారు కాదు.

ఇప్పుడు ఇంజిన్ ఆయిల్ సంగతి. కిరోసిన్ సుమారు 150 నుంచి 300 డిగ్రీల మధ్య పూర్తిగా ఆవిరైపోతుంది. డీజిల్ అంతకంటే బరువు, అందుకే వత్తి స్టవ్‌లో పోస్తే వత్తి నల్లగా గట్టిపడి నాలుగు రోజుల్లో మొరాయిస్తుంది. ఇంజిన్ ఆయిల్ ఆ వత్తిలో మంటకు సరిపడా పైకి ఎక్కదు. దాన్ని మండించాలంటే ఎర్రగా కాలిన ఇనుప గిన్నెలో చుక్కలు చుక్కలుగా వేస్తూ బ్లోవరుతో గాలి కొట్టాలి. మీరు చూసిన వీడియోలో ఉన్నది అదే అయి ఉంటుంది.

ఉద్యోగరీత్యా నాలుగు చలికాలాలు నేను మీ సునాబెడ పక్కనే సెమిలిగుడలో ఉన్నాను. సాలూరు ఘాట్ మీదుగా వచ్చే లారీలకు అక్కడ షెడ్లు ఉంటాయి కదా, పాత ఆయిల్‌కు కొదవ లేదు. పాత బ్రేక్ డ్రమ్ము, ఒక రాగి గొట్టం, దానికి కుళాయి, కొలిమికి వాడే చిన్న కరెంటు బ్లోవరు తెచ్చి పెరట్లో బిగించాను. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో వెలిగించి డ్రమ్ము కాలాక ఆయిల్ వదిలాను. నిజం చెప్పాలి, అద్భుతంగా మండింది. పెద్ద డేగిసా నీళ్లు చూస్తుండగానే మరిగాయి. మూడు రోజులు ఆ వీధిలో నాకంటే గొప్ప ఇంజనీరు లేడనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న కరెంటు పోయింది. బ్లోవరు ఆగింది, ఆయిల్ మాత్రం ఆగలేదు. మంట కుంగిపోయి నల్లటి పొగ లేచింది, ఆ వెనకే కాలని ఆవిరి తెల్లగా దట్టంగా రావడం మొదలైంది. ఆ తెల్ల ఆవిరికి నిప్పు అంటుకుంటే ఒక్కసారిగా భగ్గుమంటుంది. పరుగెత్తి కుళాయి కట్టేసి డ్రమ్ము మీద రేకు మూత వేశాను కాబట్టి సరిపోయింది. పక్కింటి పిన్నిగారు డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు నువ్వుల వడియాల్లా తయారయ్యాయి. ఆవిడ నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఇంకోటి. షెడ్డు డబ్బాలో వాన నీళ్లో రేడియేటర్ నీళ్లో కలవకుండా ఉండవు. కాలిన ఇనుము మీద నీటి చుక్క పడితే ఉన్నపళాన ఆవిరై, పరిమాణం పదహారు వందల రెట్లు పెరిగి, మండుతున్న నూనెను చుట్టూ చిమ్ముతుంది. నా చొక్కా చేతికి రెండు చిల్లులు అలా పడ్డవే. పైగా ఇంజిన్ ఆయిల్‌లో కలిపే జింకు వంటి లోహాల సమ్మేళనాలూ, అరిగిన ఇనుము పొడీ కాలిపోవు. బూడిదగానో పొగగానో బయటికి వస్తాయి. ఆ సెగ మీద వంట సంగతి ఆలోచించనే వద్దు.

గది వేడికి కిరోసిన్ స్టవ్ అయినా సరే, పొగగొట్టం లేకుండా తలుపులు మూసుకుని పెట్టకండి. లీటరు కిరోసిన్ కాలడానికి దాదాపు పది ఘనపు మీటర్ల గాలి కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో ఉండేదే ఇరవై ఎనిమిది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలో తెలియదు. ఇంకో విడ్డూరం: లీటరు కిరోసిన్ కాలితే లీటరుకు పైగానే నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. తెల్లారేసరికి గోడలు చెమటలు పట్టి ఉంటాయి, చలి ఇంకా ఎక్కువగా కొరుకుతుంది. కోరాపుట్ చలికి మంచి రజాయి, తలుపు కింద సందులో గోనెగుడ్డ చాలు.

నీళ్ల లెక్క కూడా చూసుకోండి. పదిహేను లీటర్ల బకెట్టును 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి, సగం వేడి వృథా పోయినా, ఒక టీ గ్లాసు కిరోసిన్ సరిపోతుంది. ఆ టీ గ్లాసు మిగుల్చుకోవడానికా ఈ డ్రమ్ములూ బ్లోవర్లూ? రేషన్ నీలం కిరోసిన్ మునుపటిలా దొరకదు, ఒప్పుకుంటాను. అయితే గ్యాసు మీదే కాచుకోండి, ఎలా చూసినా ఈ బర్నర్ కంటే నయమే.

మరి పాత స్టవ్‌లు ఎందుకు దాచుకోమంటున్నానంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను పర్లాకిమిడిలో ఉన్నాను. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, కరెంటు లేదు, రెండో రోజుకు సిలిండరు అయిపోయింది. అటక మీది వత్తుల స్టవ్ దించాం. వత్తులు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటే అమ్మ పాత నూలు పంచె చించి పేనింది. ఎదురింటివాళ్ల దగ్గర లాంతరుకని దాచిన రెండు సీసాల కిరోసిన్ ఉంది. రెండిళ్లకూ నాలుగు రోజులు అన్నం, పప్పుచారు దాని మీదే.

మీ తాతగారి పంపు స్టవ్‌కు వద్దాం. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ పద్ధతే ఇది. గాలి ఒత్తిడికి కిరోసిన్ పైకి వచ్చి, వేడెక్కిన బర్నర్ గొట్టంలో ఆవిరై, నిపిల్ సన్నటి రంధ్రంలోంచి చిమ్ముతుంది. బర్నర్ వేడెక్కకముందే గాలి కొడితే ఆవిరికి బదులు నూనే చిమ్మి మంట మనిషెత్తు లేస్తుంది. అందుకే బర్నర్ కింది కప్పులో స్పిరిట్ పోసి, అది కాలి ఆఖరయ్యేదాకా ట్యాంకు గాలి వదిలే మర వదులుగానే ఉంచి, ఆ తర్వాత బిగించి పంపు కొట్టాలి. వెలుగుతుండగా నూనె మూత తీయకూడదు. పెట్రోలు కలిసిన కిరోసిన్ పోయకూడదు. స్టవ్‌లు పేలాయని విన్నవాటిలో ఎక్కువ ఈ రెండింటివల్లే.

పంపు కొట్టినా గాలి పట్టకపోతే కంగారు పడకండి, లోపలి తోలు వాషర్ ఎండిపోయి ఉంటుంది. కడ్డీ బయటికి తీసి, వాషర్‌ను ఒక రాత్రి కొబ్బరి నూనెలో నానబెట్టి, అంచులు వేళ్లతో గిన్నెలా విప్పి మళ్లీ ఎక్కించండి. ట్యాంకు అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి గాలి కొట్టి చూడండి. బుడగలు వస్తే వెలిగించవద్దు, ముందు మాటు వేయించండి.