మొదటి పది నిమిషాలు లెక్కలోకి రావు

చిరంజీవి మనవడికి,

ప్రకృతి శబ్దాలు వినాలంటే రికార్డర్ కొనాలా, యాప్ వేసుకోవాలా అని అడిగావు. ఇప్పుడే ఏదీ వద్దు. నాలుగు చెట్లు, కాస్త నీళ్లు ఉన్న చోటొకటి చూసుకుని రోజూ తెల్లవారకముందే వెళ్లి అక్కడే కూర్చో. నువ్వు వెళ్లగానే అన్నీ నోరు మూసుకుంటాయి. అందుకే మొదటి పది నిమిషాలు లెక్కలోకి రావు. కప్పలు మళ్లీ బెకబెక మొదలుపెట్టాయంటే నిన్ను మరిచిపోయాయన్నమాట.

చోటు మాత్రం మార్చకు. రోజూ ఉండే సందడి ఏమిటో తెలిస్తేనే కదా, ఇవాళ ఏం తగ్గిందో తెలిసేది! అమెరికాలో బెర్నీ క్రాస్ అనే ఆయన 1988లో సియెర్రా నెవాడా కొండల్లో, లింకన్ మెడో అనే పచ్చిక బయలు దగ్గర తెల్లవారుజాము శబ్దాలు రికార్డు చేశాడు. తరవాత అక్కడ చెట్లు ఏరి ఏరి కొట్టారు. ఏడాదికి మళ్లీ వెళ్తే ఫొటోలో తేడానే లేదు, అంతా పచ్చగా ఉంది. రికార్డింగులో మాత్రం వాగు చప్పుడు, ఎక్కడో వడ్రంగిపిట్ట టకటక. మిగతా పిట్టల గోల చాలావరకు పోయింది. కంటికి కనపడని నష్టం చెవికి దొరికింది.

ఉడత తోక ఎగరేస్తూ ఆపకుండా అరుస్తుంటే కిందికి చూడు, పిల్లో పామో ఉంటుంది. అన్నీ ఒక్కసారిగా గప్‌చుప్ అయితే పైకి చూడు, డేగ కావచ్చు. గలగలమనే వాగు బొంగురుపోయి, లోపల రాళ్లు దొర్లుతున్నట్టు గుడగుడమంటే ఇంక చూడ్డాలు లేవు, గట్టెక్కెయ్. ఎగువన వాన దంచి ఉంటుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 3 సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్కేసుకో. 30 సెకన్లు లేకపోతే ఇంట్లోకి నడువు.

ఇక కీచురాళ్లు. చలి పెరిగేకొద్దీ వాటి అరుపు నెమ్మదిస్తుంది. డోల్‌బేర్ అనే భౌతికశాస్త్రవేత్త 1897లోనే దీన్ని సూత్రంగా రాశాడు. చెట్ల మీద ఉండే ఒక జాతి కీచురాయికైతే 8 సెకన్లలో ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టి 5 కలిపితే సుమారుగా సెల్సియస్ డిగ్రీలు వచ్చేస్తాయి. అన్ని జాతులకీ ఈ లెక్క కుదరదు.

నా పరువు తీసిందీ ఈ కీచురాళ్లే. మూడేళ్ల కిందట అవి వినపడడం మానేశాయి. పురుగుమందులే చంపేశాయని కనపడ్డవాళ్లందరికీ క్లాసు పీకాను. ఓ రాత్రి మీ చెల్లెలు "తాతయ్యా, చెవులు గింగురుమంటున్నాయి, నీకు వినపడట్లేదా?" అంది. వయసు మీదపడితే ముందుగా పోయేవి ఆ సన్నటి కీచు శబ్దాలేనట! అప్పటినుంచి ఏదైనా వినపడకపోతే పక్కన చిన్నపిల్లల్ని అడిగాకే నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాను.

నువ్వూ తేదీ, టైము, గాలి, విన్నవి రాసుకో. నిన్న ఉండి ఇవాళ లేనివి విడిగా రాయి. సెలవులకి వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసుకురా. రాత్రికి కీచురాయి అరుపులు నువ్వు లెక్కపెడుదువుగాని, గడియారం నేను చూస్తాను.

మీ తాతయ్య